పెరటి పిల్లితో స్నేహం - 4వ పాఠం: గిన్నె వెనక్కి జరపండి

ఈసారి పిల్లి ముక్కుకి వేలు చూపించేది ఎట్లో చెప్తానని పోయిన పాఠంలో మాటిచ్చినా. అది చివర్లో రెండు ముక్కల్లో చెప్పేస్తా, ఎందుకంటే మూడో పాఠం చదివి చానా మంది ఉన్న పిల్లిని కూడా పోగొట్టుకున్నారు. తప్పు నాదే. "పిల్లి తిండి గిన్నె రోజూ కొంచెం ఇంటివైపు జరపండి" అని రాసినా గానీ కొంచెం అంటే ఎంతో రాయలా. నా లెక్కలో కొంచెం అంటే జానెడు. కొర్లగుంటలో ఒకామె లెక్కలో, ప్రహరీ గోడ పక్కనున్న గిన్నె మర్నాటికల్లా వంటింటి గడప మీదికొచ్చింది. పిల్లి గోడెక్కి కాసేపు చూసి అటే దూకి పోయిందంట, నాలుగు రోజులైనా జాడ లేదు, అలిగిందా అక్కా అని మెసేజ్ పెట్టింది. అలక లేదు ఏం లేదమ్మా, గడప కాడ తింటే పారిపోయే దారి ఒకటే ఉంటుంది, ఆ దారిలో నువ్వు నిలబడుకోనుంటావు, ఎట్లొస్తుంది?

కాబట్టి ఇంగ నుంచి మన కొలత కడప బండ. మన పక్క పెరట్లో ఎట్లాగూ బండలు పరిచే ఉంటాయి. మూడు రోజులకి అర బండ, అంతే. మట్టి పెరడైతే అడుగు. అదీ పిల్లి మూడు రోజులూ గిన్నె ఖాళీ చేసి, మూతి నాక్కుని, నిదానంగా నడిచిపోతేనే. ఉరికిపోయిందంటే ఆ రోజు లెక్కలోకి రాదు.

పిల్లి రావడం మానేసిన వాళ్ళు అది ఆఖరిసారి కుదురుగా తిన్న చోటు గుర్తు చేసుకోండి. గిన్నె ఆడికి తీస్కపోయి, ఇంగో బండ అవతలికి పెట్టండి. పాత గిన్నే, పాత టైమే. పెట్టేసి లోపలికొచ్చేయండి, కిటికీలోంచి తొంగి కూడా చూడద్దు. గిన్నె వెనక్కి పోతా ఉంటే మనసొప్పదు, చేసిందంతా పోయిందే అనిపిస్తుంది, పర్లేదు. అరగంటకి గిన్నె తీసేయండి, లేకుంటే ముందు చీమలు, తర్వాత పందికొక్కులు, ఆమీద వీధికుక్కలు. కుక్క ఒకసారి ఆ మూలకొచ్చి తినిందంటే పిల్లి ఆ మూలే మర్చిపోతుంది.

తిండి గురించి మళ్ళీ రాయను, రెండో పాఠంలో అయిపోయింది. ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్, ఎముక తీసేసి. సాంబారన్నం పెట్టినా తినింది అని ఒకాయన సంబరంగా చెప్పినాడు. ఆకలైతే తినదా సార్, అందులో ఉల్లిపాయ పిల్లి రక్తాన్ని విరిచేస్తుంది, వెల్లుల్లి కూడా అంతే. ఇంగ పాలు వద్దంటే మా అత్తమ్మే ఇప్పటికీ నమ్మదు. పెద్దయిన పిల్లికి పాలు అరగవు, మర్నాడు బండలు కడుక్కునేది మీరే.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే విషయానికొస్తా. పిల్లి తింటా ఉన్నప్పుడు ముట్టుకోవడం. తలొంచి తింటా ఉంది కదా, ఇప్పుడైతే ఊరుకుంటుంది అనుకుంటారు, అందరూ ఇదే అనుకుంటారు. పిల్లి మూడు నాలుగు కిలోలు, మీరు అరవై. పెళ్ళి బంతిలో కూర్చుని ఆకులో తింటా ఉంటే మీకు పదిహేనింతలున్న మనిషి వెనక నించి వచ్చి నెత్తిన చెయ్యేస్తే మీరేం చేస్తారు? "ఒక్క వేలితోనే అక్కా", "తోక మాత్రమే పట్టుకున్నా", "నేను కాదు మా పిల్లోడు" - అన్నీ ఒకటే. అది కదలకుండా ఉందంటే ఒప్పుకున్నట్టు కాదు, ఆకలి భయాన్ని తొక్కిపెట్టింది, అంతవరకే. వెనక కాళ్ళు చూడండి, దూకడానికి మడిచిపెట్టి ఉంటాయి. చెవులు పక్కలకి వాలిపోయుంటాయి. వీపు మీద చర్మం అలలా పాకుతుంది, ఇదైతే చానా మందికి కంటికి ఆనదు. ఇవన్నీ ఉండి మీరు ముట్టుకున్నారంటే రేపటి నుంచి దానికి గిన్నె శబ్దం వినపడితే చికెన్ కాదు, మీ చెయ్యి గుర్తొస్తుంది. మా కరేపాకు (కరేపాకు చెట్టు కింద చేరింది కాబట్టి ఆ పేరు) విషయంలో నేనూ ఈ పనే చేసి మూడు వారాలు మొదటికొచ్చినా, నా మణికట్టు మీద గీత ఇంకా ఉంది. చంద్రగిరిలో ఒకాయన ఇంకో మెట్టు పైకి పోయి, పిల్లి తింటా ఉంటే వెనకనించి పెరటి తలుపేసేసినాడు. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే పులవుతుందంటారు. నేను కొట్టలేదే అంటాడు. కొట్టలేదు సార్, తలుపేసినారు, దానికి రెండూ ఒకటే.

ఆయన్ని అది కరిచింది కూడా. ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, వెంటనే కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, గడియారం చూసి. పసుపు, సున్నం, కారం ఏవీ పూయద్దు. అదే రోజు ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా వేయించుకోండి, తిరపతి వాళ్ళకైతే రుయా ఉండనే ఉంది. ఎన్ని డోసులు చెప్తే అన్నీ వేయించుకోవాల, ఒకటేసుకుని గమ్మున ఉండద్దు.

ఇంగ వేలు పాఠం. పిల్లి తినేసి మూతి తుడుచుకున్నాక మీకు రెండు బండల దూరంలో తనంతట తనే కూర్చుంటే అప్పుడు. మీరూ కింద కూర్చోండి, పక్కకి తిరిగి. కళ్ళలోకి గుచ్చి చూడద్దు, రెప్పలు నిదానంగా మూసి తెరవండి. 2020లో ఇంగ్లండులో సస్సెక్స్ యూనివర్సిటీ వాళ్ళు ఇంటి పిల్లుల మీద పరీక్షించి, ఇట్లా రెప్పలార్చే కొత్త మనిషి చెయ్యి చాపితే దగ్గరికి రావడం జాస్తి అని తేల్చినారు. తర్వాత చూపుడు వేలు కిందగా, దాని ముక్కు ఎత్తులో పెట్టి ఆపేయండి. అది వచ్చి వాసన చూస్తుంది. చెంప రుద్దితే సరే, రుద్దకపోతే వేలు వెనక్కి. నెత్తి మీదికి చెయ్యి పోనే కూడదు.

అభ్యాసం (పిల్లి వచ్చి తింటా ఉన్నోళ్ళకి): తొమ్మిది రోజులు, రోజూ 15 నిమిషాలు, గిన్నెకి ఆరు బండల దూరంలో ఫోన్ లేకుండా కూర్చోండి. నేనైతే పొద్దున పాలపాకెట్లొచ్చే టైముకే కూర్చుంటా, సాయంత్రం పక్కింటోళ్ళ టీవీ గోల. పాత క్యాలెండర్ వెనకాల మూడే రాయండి: ఎన్నో బండ కాడ తినింది, చెవులెట్లున్నాయి, నడిచిపోయిందా ఉరికిందా. ఒక్క రోజు మానితే మళ్ళీ ఒకటి నుంచి లెక్క.

మర్చిపోయినా, ఆరో పాఠంలో పిల్లిని బుట్టలో ఎక్కించి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి తీస్కపోయేది ఉంది. బుట్ట కొన్నోళ్ళు ఇప్పుడే తలుపు తీసి పెరట్లో ఒక మూల పడేయండి. అందులో తిండి పెట్టద్దు, పిల్లిని దానివైపు పిలవద్దు, ఊరికే ఉండనీండి.