గేమ్ ల్యాగ్ అవుతోందా? కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేముందు ఇవన్నీ ఓసారి చూడండి

గేమ్ పెట్టగానే ఓ పావుగంట బానే ఆడుతుంది, తర్వాత ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది, శత్రువు ఎదురుగా వచ్చేసరికి స్క్రీన్ ఆగిపోతుంది... మన భీమవరం, అమలాపురం, తణుకు వైపు కుర్రాళ్ళు ఎక్కువమంది చెప్పే బాధ ఇదేనండి. వెంటనే వచ్చే ఆలోచన కార్డు పాతబడిపోయింది, ఇంట్లో అడిగి కొత్తది కొనాలి అని. కొనండి, నేను వద్దనట్లేదు, కానీ ముందు ఉన్న కార్డు తన పూర్తి శక్తితో పనిచేస్తోందా లేదా అన్నది తేల్చుకోండి, మన డెల్టా ఎండకీ ఉక్కకీ ఆ కార్డు ఎక్కడో ఒకచోట కట్టేసినట్టు ఉండిపోయే అవకాశం చాలా ఉంది.

ఫస్ట్ కొలవాలండి. ఎమ్ఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది, దాంతోపాటు ఆ అంకెల్ని గేమ్ మీద చూపించే రివాట్యూనర్ కూడా ఇన్‌స్టాల్ అవుతుంది. సెట్టింగ్స్‌లో మానిటరింగ్ ట్యాబ్‌కి వెళ్ళి జీపీయూ (అంటే గ్రాఫిక్స్ కార్డు) యూసేజ్, జీపీయూ టెంపరేచర్, కోర్ క్లాక్ (కార్డు నడిచే స్పీడు), మెమరీ యూసేజ్, సీపీయూ (అంటే ప్రాసెసర్) యూసేజ్, ర్యామ్, ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములన్నది, దీన్నే ఎఫ్‌పీఎస్ అంటారు) ఇవన్నీ స్క్రీన్ మీద కనపడేలా టిక్ పెట్టుకోండి. ఇప్పుడు మామూలుగా ఆడే గేమే ఓ అరగంట ఆడండి, ఆడుతూ ఆ అంకెలు గమనించండి. జీపీయూ 95 నుంచి 99 శాతంలో ఉండి టెంపరేచర్ మామూలుగా ఉంటే కార్డు తన వంతు పూర్తిగా చేస్తోందన్నమాట, అప్పుడు గేమ్ సెట్టింగ్స్ తగ్గించుకోవాలి. జీపీయూ 50, 60 దగ్గరే ఆడుతూ గేమ్ మాత్రం ఆగుతుంటే ప్రాసెసరో ర్యామో దానికి పని అందించలేకపోతోంది, అలాంటప్పుడు ఎంత పెద్ద కార్డు తెచ్చి పెట్టినా ఉపయోగం ఉండదు. టెంపరేచర్ పెరిగేకొద్దీ కోర్ క్లాక్ కిందికి జారుతుంటే గొడవంతా వేడిదే. ఈ మూడింట్లో మీది ఏదో తేలాకే మిగతా పని.

ఖర్చులేని చెకింగులు ముందు కానిచ్చేద్దాం. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి పెట్టారా, గ్రాఫిక్స్ కార్డుకి పెట్టారా చూడండి, కేబినెట్ వెనక పైనున్న పోర్టుకి పెడితే అది ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్, కింద అడ్డంగా ఉన్న పోర్టులు కార్డువి. 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే) మానిటర్ కొన్నవాళ్ళు విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి చూడండి, అది 60 మీదే ఉండిపోతుంటుంది, మనం మార్చేదాకా మారదు. ల్యాప్‌టాప్ వాళ్ళు ఛార్జర్ పెట్టే ఆడాలి, బ్యాటరీ మీద కార్డుకి పవర్ బాగా తగ్గించేస్తుంది. అలాగే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే గ్రాఫిక్స్ అని ఉంటుంది, అక్కడ మీ గేమ్‌ని యాడ్ చేసి హై పెర్ఫార్మెన్స్ పెట్టండి, లేకపోతే కొన్ని గేములు ప్రాసెసర్‌లో ఉన్న చిన్న గ్రాఫిక్స్ మీదే నడుస్తూ ఉంటాయి.

ర్యామ్ గురించి కొంచెం ఎక్కువ చెప్తానండి, ఎందుకంటే కాలేజీకని కొనే ల్యాప్‌టాప్‌లలో ఒకటే స్టిక్కు ఉండటం మామూలు. టాస్క్ మేనేజర్ ఓపెన్ చేసి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లు వాడుతున్నారో, ఏ స్పీడులో ఉందో రెండూ కనపడతాయి. రెండు స్లాట్లలో ఒకటే వాడుతుంటే ర్యామ్ సింగిల్ ఛానెల్‌లో నడుస్తోంది, అదే కెపాసిటీ ఉన్న ఇంకో స్టిక్కు వేస్తే డ్యుయల్ ఛానెల్ అవుతుంది, ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారి రెండింతలు వెడల్పవుతుంది. వేరే కార్డు లేకుండా ఇంటెల్ లేదా రైజెన్ లోపలి గ్రాఫిక్స్ మీద ఆడేవాళ్ళకి ఇది అన్నిటికన్నా పెద్ద లాభం, ఆ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు కదా, ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. డెస్క్‌టాప్ వాళ్ళు ఇంకోటి చూడాలి: 3200 స్పీడ్ ర్యామ్ కొన్నా చాలా బోర్డుల్లో అది 2133, 2400, 2666 ఇలా ఏదో ఒక తక్కువ స్పీడులో ఉండిపోతుంది, బయోస్‌లోకి (సిస్టమ్ ఆన్ అవుతుండగా తెరిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్) వెళ్ళి ఎక్స్ఎమ్‌పీ, అంటే ర్యామ్‌ని దాని అసలు స్పీడులో నడిపే సెట్టింగ్, ఆన్ చేయాలి. డబ్బులిచ్చి కొన్న స్పీడు వాడకుండా వదిలేయడం ఎందుకండి.

ఇక వేడి. మన దగ్గర అసలు కథంతా ఇక్కడే ఉంది. రోహిణి కార్తెలో రాజమండ్రి 45 దాటిన రోజులున్నాయి, కోనసీమలో అంత లేకపోయినా ఉక్కపోత ఉంటుంది, గదే 36, 38 డిగ్రీలు ఉంటే కార్డులోకి వెళ్ళే గాలి కూడా అంతే వేడిగా ఉంటుంది. గది పది డిగ్రీలు పెరిగితే కార్డు కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. చాలా ఎన్విడియా కార్డులు 83 డిగ్రీల దగ్గరికి రాగానే తమంతట తామే స్పీడ్ తగ్గించుకుంటాయి, ప్రాసెసర్లయితే 95, 100 మధ్యలో. దానికితోడు సాయంత్రం రొయ్యల చెరువుల మీద నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు అన్నీ ఆన్ అయ్యేసరికి కొన్ని ఊళ్ళల్లో వోల్టేజీ పడిపోతుంది, సీలింగ్ ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది, గది ఇంకా కాగుతుంది. అంటే వోల్టేజీ తగ్గడం వల్ల నేరుగా ఎఫ్‌పీఎస్ తగ్గదు, గది వేడెక్కి తగ్గుతుంది.

దీనికి మందు ముందు క్లీనింగ్. సార్వా, దాళ్వా కోతలప్పుడు చేల పక్క ఇళ్ళల్లో ధూళి ఎంత పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ రెండు సీజన్లు అవ్వగానే కేబినెట్ ఓపెన్ చేసెయ్యండి. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో కొట్టండి, ఫ్యాన్‌ని గిర్రున తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. అంతర్వేది, నరసాపురం లాంటి సముద్రం దగ్గర ఊళ్ళ వాళ్ళు ర్యామ్ పిన్నుల మీద నల్లగా పట్టిందేమో చూసి మెత్తటి రబ్బరుతో రుద్ది, ఆ పొడి దులిపేసి పెట్టుకోండి, ఉప్పుగాలికి పిన్నులు తొందరగా పాడవుతాయి. సిస్టమ్ కొని మూడు నాలుగేళ్ళయితే ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే థర్మల్ పేస్ట్ మార్చండి, ప్రాసెసర్ మీద చిన్న బఠాణీ గింజంత చాలు. కార్డు విప్పడం మాత్రం అలవాటు లేకపోతే తెలిసినవాళ్ళ చేతనే చేయించండి, వారంటీ ఉంటే అసలు ముట్టుకోకండి. ఇంకా, చల్లగా ఉంటుందని కేబినెట్ సైడ్ డోర్ తీసేసి ఉంచుతారు కొంతమంది, మన ఇళ్ళల్లో బల్లులు, చీమలు ఆ వెచ్చదనానికే లోపల చేరతాయి, బోర్డు షార్ట్ అయిపోతే మొత్తం పోతుంది. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి ఆడొద్దు, కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి, వెనకవైపు కొంచెం ఎత్తు పెట్టినా చాలు.

క్లీన్ చేసినా వేడి తగ్గకపోతే ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 100 నుంచి 80కి లాగి చూడండి, వేడి బాగా తగ్గుతుంది, ఎఫ్‌పీఎస్ మాత్రం కొద్దిగానే తగ్గుతుంది, ఎండాకాలం అయితే స్పీడ్ పడిపోకుండా నిలకడగా ఉండటం వల్ల గేమ్ ముందుకన్నా స్మూత్‌గా అనిపిస్తుంది. మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే రివాట్యూనర్‌లో 60కి లిమిట్ పెట్టెయ్యండి. 90 ఫ్రేములు గీసి అందులో 30 పారబోయడం కార్డుకి అనవసర శ్రమ.

గేమ్ సెట్టింగ్స్‌లో అన్నీ లో పెట్టేసి బొమ్మని పాడుచేసుకోకండి, నాకది అస్సలు నచ్చదు. షాడోస్, వాల్యూమెట్రిక్ ఫాగ్, రిఫ్లెక్షన్స్, యాంబియంట్ అక్లూజన్ ఇవి బాగా తింటాయి, ముందు వీటిని తగ్గించండి, రే ట్రేసింగ్ ఉంటే ఆపేయండి. టెక్స్చర్స్ సంగతి వేరు, అది కార్డు మెమరీ మీద ఆధారపడుతుంది, జీటీఎక్స్ 1050 టీఐ, 1650 లాంటి 4 జీబీ కార్డుల్లో మెమరీ నిండిపోయిందంటే ఒక్కసారిగా కుదుపులు మొదలవుతాయి, అప్పుడు టెక్స్చర్ ఒక మెట్టు దింపండి, మెమరీ ఖాళీ ఉంటే హైలోనే ఉంచుకోండి, స్పీడ్ ఏమీ తగ్గదు. ఆ తర్వాత ఎఫ్ఎస్ఆర్, డీఎల్ఎస్ఎస్ చూడండి, బొమ్మని తక్కువ పిక్సెళ్ళతో గీసి పెద్దది చేసే ఆప్షన్లు ఇవి. 1080పీలో ఒక్కో ఫ్రేముకి దాదాపు 20.7 లక్షల పిక్సెళ్ళు గీయాలి, క్వాలిటీ మోడ్ పెడితే లోపల 720పీలో, అంటే 9.2 లక్షలే గీసి మిగతాది లెక్కకట్టి నింపుతుంది. డీఎల్ఎస్ఎస్ ఆర్‌టీఎక్స్ కార్డులకే, ఎఫ్ఎస్ఆర్ 2 అయితే పాత జీటీఎక్స్ మీద కూడా వస్తుంది. పర్ఫార్మెన్స్ మోడ్ మాత్రం 1080పీలో బొమ్మ అలికేసినట్టు ఉంటుంది, నా సలహా క్వాలిటీ దగ్గరే ఆగమని.

డ్రైవర్లు, అంటే కార్డుని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్, ఎన్విడియా, ఏఎమ్‌డీ, ఇంటెల్ సొంత సైట్ల నుంచే తీసుకోండి. అప్‌డేట్ చేశాక కొత్తగా ల్యాగ్ మొదలైతే సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్లు తుడిచే సాఫ్ట్‌వేర్‌తో పాతది పూర్తిగా తుడిచి మళ్ళీ వేయండి.

ఇవన్నీ అయ్యాక కూడా జీపీయూ 99 మీదే ఉండి ఎఫ్‌పీఎస్ చాలట్లేదంటే అప్పుడు కార్డు కొనడంలో అర్థం ఉంది. కొనేముందు మీ పవర్ సప్లై (ఎస్‌ఎమ్‌పీఎస్) మీద లేబుల్ చదవండి, ఆర్‌ఎక్స్ 6600 దగ్గర దగ్గర 132 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3060 అయితే 170 తీసుకుంటుంది, కేబినెట్‌తోపాటు ఫ్రీగా వచ్చిన ఎస్‌ఎమ్‌పీఎస్ మీద ఇవి పెట్టొద్దు. యూపీఎస్ కూడా చూసుకోవాలి, 600 వీఏ అని రాసున్నది సుమారు 360 వాట్లే ఇస్తుంది, గేమ్ మధ్యలో కరెంటు పోతే లోడ్ మోయలేక అదీ ఆఫ్ అయిపోతుంది. ఎర్త్ సరిగా లేని ఇంట్లో ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. సెకండ్ హ్యాండ్ కార్డు తీసుకుంటుంటే ఏసీ షాపులో ఐదు నిమిషాలు చూపించి ఇచ్చేస్తామంటే ఒప్పుకోకండి, మధ్యాహ్నం పూట మామూలు గదిలో కనీసం అరగంట గేమ్ ఆడించి, టెంపరేచర్, క్లాక్ రెండూ స్క్రీన్ మీద పెట్టించుకుని చూసి, అప్పుడు డబ్బులు ఇవ్వండి.