వడగళ్ల వానను గమనించడం, పైకప్పుకు తగిలిన దెబ్బను అంచనా వేయడం

వడగళ్లు పడే మేర సాధారణంగా సన్నని పట్టీలా ఉంటుంది. ఒక వీధిలో రేకులు సొట్టలు పడితే, పక్క వీధిలో నాలుగు చినుకులతోనే సరిపోవచ్చు. అందువల్ల ఊరంతటికీ కలిపి ఇచ్చే వాతావరణ సమాచారాన్ని బట్టి మీ ఇంటి కప్పు సంగతి తేల్చడం కుదరదు.

మేఘం దూరంగా ఉన్నప్పుడు డాప్లర్ రాడార్ చిత్రాలే ఆధారం. తిరిగి వచ్చిన తరంగాల తీవ్రత 55 డీబీజెడ్ (ఆ తీవ్రతను కొలిచే ప్రమాణం) దాటితే వడగళ్లు ఉన్నాయని అనుమానించవచ్చు. అడ్డంగానూ నిలువుగానూ తరంగాలు పంపే రాడార్లు ఇంకా నయం: పెద్ద వానచుక్క పడేటప్పుడు చదునవుతుంది, వడగల్లు దొర్లుతూ పడటం వల్ల రాడార్‌కు గుండ్రంగా తోస్తుంది. అయితే రాడార్ చూసేది నింగిలో ఉన్నదాన్నే. నేలకు చేరేలోగా అది కరగవచ్చు, గాలికి పక్కకు కొట్టుకుపోవచ్చు.

కాబట్టి ఇంటి దగ్గర సొంత సాక్ష్యం ఉండాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు గల థర్మోకోల్ పలకకు దళసరి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఆరుబయట మట్టంగా బిగించండి. ఒక్కో వడగల్లు ఒక్కో గుంటను మిగులుస్తుంది. గుంటల వెడల్పు, సంఖ్య, వాలు చూస్తే వడగళ్ల పరిమాణం, అవి ఎంత దట్టంగా పడ్డాయన్నది, గాలి దిశ తెలుస్తాయి. 1998లో కొలరాడోలో మొదలైన కోకోరాస్ అనే పౌరుల వర్షమాపక బృందం ఇలాంటి పలకలనే వాడుతుంది. ఉరుములు ఆగాక, దొరికిన వాటిలో పెద్దదాన్ని స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి, సమయం రాసుకోండి. "గోలీ అంత", "బంతి అంత" అనే మాటలు ఇక్కడ పనికిరావు.

మిల్లీమీటర్ల కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, వడగల్లు వ్యాసం రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది, వేగం కూడా పెరుగుతుంది. ఫలితంగా కప్పును తాకే శక్తి సుమారు పదహారు రెట్లకు చేరుతుంది. అమెరికా జాతీయ వాతావరణ సేవ 2010లో తీవ్రమైన వడగళ్ల హద్దును ముప్పావు అంగుళం నుంచి ఒక అంగుళానికి, అంటే సుమారు 25 మిల్లీమీటర్లకు పెంచింది. ఆ పరిమాణం దాటిందంటే కప్పును తప్పక పరీక్షించాలని నా అభిప్రాయం. కప్పు పాతదైతే, లేదా గాలి బలంగా వీచి ఉంటే, అంతకన్నా చిన్నవాటికీ పరీక్ష అవసరమే.

తడి కప్పు మీదికి ఎక్కకండి. సిమెంటు రేకులు మనిషి బరువుకే విరగవచ్చు. ముందుగా ఏసీ బయటి యూనిట్ రెక్కలు, వాననీటి గొట్టాలు వంటి మెత్తని లోహాలను చూడండి. వాటి మీద సొట్టలు ఉంటే, గాలి ఎదురుగా వచ్చిన వైపు కప్పును కింది నుంచి దుర్భిణితో గమనించండి. పెంకుల్లో పగుళ్లు, సిమెంటు రేకుల్లో నెరియలు, తారు పలకల్లో (తారు మీద రాతి రేణువులు అద్దిన కప్పు పలకలు) రేణువులు రాలి నల్లబడిన మచ్చలు అసలైన నష్టాలు; లోహపు రేకులకు పడిన సొట్టలు చాలాసార్లు చూపుకే వికారం, పూత చిట్లితే మాత్రం తుప్పుకు దారి. పగటిపూట లోపల దీపాలు ఆర్పి పైకి చూస్తే, చిల్లులు వెలుగు చుక్కలుగా కనిపిస్తాయి. తారు పలకలకు తగిలిన లోదెబ్బ నెలల తరవాత గాని కారకపోవచ్చు. అందువల్ల తేదీ వేసిన ఫొటోలను దాచుకుని, తరవాతి పెద్ద వానకు సీలింగు మరకలను మళ్లీ చూడండి.