పాదానికి డాక్టరా, పార్లరా? ఎలా తేల్చుకోవాలి

పెళ్లిళ్ల రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం పార్లర్లకు మడమలు పగిలిన పెళ్లికూతురూ వస్తుంది, ఏళ్లుగా షుగర్ మాత్రలు వేసుకుంటున్న ఆమె తల్లీ వస్తుంది. ఇద్దరి పగుళ్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కూతురికి పెడిక్యూర్ చాలు. తల్లి మాత్రం ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి. ఆ పాదానికి స్పర్శ సరిగా తెలుస్తోందా, రక్తం సరిగా అందుతోందా అన్నది పగులును చూసి చెప్పలేం.

1. ముందు మనిషి ఆరోగ్యం చూడండి

షుగర్ ఉందా? ఉద్దానం వైపు చాలామందికి ఉన్నట్టు కిడ్నీ జబ్బు ఉందా, డయాలసిస్ జరుగుతోందా? ఎప్పుడైనా కుష్ఠు వచ్చి నయమైందా? బోదకాలు ఉందా? రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? ఒక్కదానికి అవునన్నా ముందు డాక్టరే.

చుట్ట, బీడీ, సిగరెట్ సంగతి కూడా అడగండి. మన తీరప్రాంతంలో అడ్డపొగ తాగే, అంటే చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని పీల్చే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. పొగ నోటిని పాడుచేస్తుందని అందరికీ తెలుసు, కానీ అది కాళ్ల రక్తనాళాలను కూడా మూసేస్తుంది. కొంతదూరం నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గిపోతోందంటే కాలికి రక్తం చాలడం లేదేమో చూపించుకోవాలి. ఒక పాదం రెండోదానికంటే చల్లగా ఉన్నా అంతే.

2. ఇంట్లోనే స్పర్శ పరీక్ష చేయండి

దీనికి పరికరం అక్కర్లేదు, ఇంట్లో ఇంకొక మనిషి ఉంటే చాలు. కాళ్లు చాపి పడుకుని కళ్లు మూసుకోమనండి. మీ చూపుడువేలితో ఆ మనిషి కాలి బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను ఒక్కొక్కటిగా, ఒకటి రెండు సెకన్లు, మెత్తగా తాకండి. నొక్కకూడదు, గోకకూడదు, గుచ్చకూడదు. తాకినప్పుడల్లా ఏ కాలో చెప్పమనండి. రెండు పాదాలకూ కలిపి ఆరు చోట్లు అవుతాయి. తెలియలేదన్న చోట మళ్లీ తాకి చూడొద్దు, తెలియనట్టే లెక్క.

ఆరింటిలో రెండు గాని అంతకంటే ఎక్కువ గాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. 'పొలంలో చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లు కదా, మొద్దుబారి ఉంటాయిలే' అని సర్దిచెప్పుకోవద్దు. మేకు గుచ్చుకున్నా తెలియని పాదం మీద ప్యూమిస్ రాయి ఎంత గట్టిగా రుద్దుతున్నారో ఆ మనిషికీ తెలియదు, రుద్దే అమ్మాయికీ తెలియదు.

3. వెలుతురులో పాదం చూడండి

గోళ్లరంగు తుడిచేసి, అరికాలి కింద అద్దం పెట్టి చూడండి. పుండు, చీము, దుర్వాసన, నల్లబడిన చర్మం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్ల పాదం ఎర్రగా, వేడిగా వాచి ఉంటే, నొప్పి లేకపోయినా ఆ రోజే. లోపల ఎముకలు దెబ్బతింటున్నా కొందరికి నొప్పే ఉండదు. 'నొప్పి లేదు కదా, ఏటవుతాదిలే' అని చాలామంది ఆగిపోయేది ఇక్కడే. బోదకాలు ఉన్నవారికి చలిజ్వరంతో కాలు ఎర్రబడినా ఆలస్యం చేయొద్దు.

గోరు కండలోకి దిగడం, ఆనికాయ నడవనివ్వకపోవడం, మడమ చీలి రక్తం రావడం, గోళ్లు పసుపుపచ్చగా మందమవడం, ఒక్క గోటిలో కొత్తగా నల్లచార రావడం కూడా డాక్టర్ చూడాల్సినవే, కాకపోతే రెండుమూడు రోజులు ఆగినా పరవాలేదు. ఉభాల (వరినాట్ల) రోజుల్లో బురదలో నాని వేళ్ల సందులు తెల్లగా పాసిపోతే అది చాలావరకు ఫంగస్. దానికి మందు కావాలి, పెడిక్యూర్ టబ్బులో ఇంకో అరగంట నానబెడితే ఎక్కువవుతుంది.

4. ఏ డాక్టర్ దగ్గరికి?

పాదాలకే ప్రత్యేకమైన డాక్టర్లు మన ఊళ్లలో అరుదు. అందుకని సమస్యను బట్టి వెళ్లాలి. పుండు, చీము, లోపలికి పెరిగిన గోరు అయితే సర్జన్. పగుళ్లు, ఫంగస్, గోళ్ల రంగు మారడం అయితే చర్మవైద్యుడు. తిమ్మిరి, మంట అయితే షుగర్ చూసే డాక్టర్. శ్రీకాకుళం రిమ్స్, రాగోలు జెమ్స్, నెల్లిమర్ల మిమ్స్ వైద్య కళాశాలల ఆసుపత్రులు కాబట్టి ఈ విభాగాలు ఒకేచోట దొరుకుతాయి. ఓపీ చీటీ రాయించేటప్పుడు 'కాలునొప్పి' అని ఊరుకోకండి, 'షుగర్ ఉంది, కాలికి పుండు ఉంది' అని చెప్పండి. లేకపోతే ఎముకల డాక్టర్ గది ముందు సగంరోజు పోతుంది. స్పర్శ తగ్గినవాళ్లు మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పుల గురించి కూడా అడగాలి.

బోదకాలు ఉన్నవాళ్లకి రోజూ కాలు కడిగి, మడతలు ఆరేలా తుడుచుకోవడమే సగం వైద్యం. అందుకు కావలసిన టబ్బు, మగ్గు, సబ్బు ఉన్న కిట్ ప్రభుత్వం ఇస్తుంది, ఆశా కార్యకర్తను అడగండి.

5. పార్లరే చాలనుకుంటే

పై గొడవలేవీ లేకుండా పొడిబారడం, ఎండకు నల్లబడడం, గోళ్లు తీరుగా లేకపోవడం మాత్రమే అయితే నిశ్చింతగా వెళ్లండి. అయితే ఏసీని, సోఫాలను చూసి పార్లర్‌ని నమ్మకండి. టబ్బు ఎలా కడుగుతున్నారో చూడండి. 2000లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒకే సెలూన్‌కు వెళ్లిన వందమందికి పైగా కాళ్ల మీద చీముగడ్డలు లేచాయి. నీళ్లు తిరిగే టబ్బుల్లో, జాలీ వెనక పేరుకున్న వెంట్రుకలు, చర్మపు పొట్టు మధ్య బ్యాక్టీరియా పెరిగింది. ముందుగా కాళ్లు షేవింగ్ చేసుకుని వెళ్లినవాళ్లకి ముప్పు ఎక్కువైంది. కాబట్టి పెడిక్యూర్‌కి ముందు షేవింగ్, వ్యాక్సింగ్ మానేయండి. నీళ్లు తిరిగే టబ్బు కంటే మామూలు ప్లాస్టిక్ టబ్బే నయం, తోమడం తేలిక.

నీలం లైటు పెట్టెలో పెట్టినంత మాత్రాన పనిముట్లు క్రిమిరహితం కావు. ఒత్తిడి మీద ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ లేదంటే మీ కట్టర్, ఫైలు మీరే తీసుకెళ్లండి. బ్లేడుతో మడమ గీకనివ్వొద్దు, గోటి మొదట్లో చర్మం కత్తిరించనివ్వొద్దు. గోళ్లు మూలల్లోకి గుండ్రంగా కాకుండా అడ్డంగా తిన్నగా తీయమనండి. ఇవన్నీ చెబితే ముఖం మాడ్చుకునే పార్లర్‌కి రెండోసారి వెళ్లక్కర్లేదు.

షుగర్ ఉన్నవాళ్లకి అలంకారమే వద్దని కాదు. డాక్టర్ చూసి బాగుందన్న పాదానికి గోళ్లరంగు, గోరింటాకు పెట్టుకోవచ్చు. నానబెట్టడం, గీకడం మాత్రం వద్దు. చీలిక ఉంటే సున్నం కలిసిన పారాణి కూడా వద్దు.

6. ఇంట్లో

మందుల షాపులో దొరికే కార్న్ క్యాప్‌లలో సాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది. అది ఆనికాయతో పాటు పక్కనున్న మంచి చర్మాన్నీ తినేస్తుంది, అందుకని షుగర్ ఉన్నవాళ్లు, స్పర్శ తగ్గినవాళ్లు దాని జోలికి పోకూడదు. మామూలు పగుళ్లకు రాత్రి కాళ్లు కడిగి, తుడిచి, యూరియా ఉన్న క్రీమో వ్యాజలీనో రాసి సాక్సులు వేసుకోండి. వేళ్ల సందుల్లో రాయకండి.

అరసవల్లిలో మిట్టమధ్యాహ్నం కాలిన బండల మీద నడిస్తే స్పర్శ లేని కాలికి బొబ్బలెక్కినా తెలియదు. అలాంటివారిని పొద్దున్నే దర్శనానికి తీసుకెళ్లండి. ఇంటికొచ్చాక అరికాళ్లు చూడండి. బొబ్బ ఉంటే పగలగొట్టకుండా, శుభ్రమైన గుడ్డ వదులుగా కట్టి ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.