రొయ్యలు మొత్తం ఎన్ని కిలోలు? మెనీ-టు-మెనీ డేటాని గ్రూప్ చేసే పద్ధతి

మా బావ తెల్లవారకముందే విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, వేలంలో చేపలు కొని ఇళ్లకు డెలివరీ ఇస్తాడు. ఆర్డర్లు ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో వస్తాయి. అవి మనిషి వారీగా ఉంటాయి, హార్బర్‌లో కావాల్సిందేమో చేప వారీ లెక్క. "ఒరేయ్, రొయ్యలు మొత్తం ఎన్ని కిలోలు కొనాలో చెప్పు చాలు, ఎవరికెంతో తర్వాత చూసుకుందాం" అన్నాడు. పది నిమిషాల పనే కదా అని కూర్చుంటే అర్ధరాత్రి దాటింది.

చిక్కు ఎక్కడంటే, ఒక్కో కస్టమర్ రెండు మూడు రకాలు అడుగుతారు, ఒక్కో రకాన్ని నలుగురైదుగురు అడుగుతారు. ఇలా రెండు వైపులా ఒకరికి చాలా ఉండే సంబంధమే మెనీ-టు-మెనీ. మామూలు గ్రూప్‌బైకి (గుంపులు చేసే ఫంక్షన్) ఇది పట్టదు, ఒక ఐటెమ్‌కి ఒకటే కీ (గుంపు పేరు), ఒకటే గుంపు అన్నట్టు పనిచేస్తుంది. నేనేమో కస్టమర్ల లిస్టు తీసుకుని, వాళ్లు అడిగిన చేపల లిస్టునే కీగా ఇచ్చేశాను. పైథాన్ ఒప్పుకోలేదు, లిస్టు డిక్షనరీకి కీ కాలేదు. టపుల్‌గా (మార్చడానికి వీల్లేని లిస్టు లాంటిది) మారిస్తే ఒప్పుకుంది కానీ అది ఇంకా ఘోరం: "వంజరం, రొయ్యలు" ఒక గుంపు, "రొయ్యలు, చందువ" ఇంకో గుంపు అయ్యి రొయ్యలు మూడు చోట్ల పడ్డాయి. ఎర్రర్ రాదు, లెక్క మాత్రం తప్పు. ఎక్సెల్‌లో ఒకే సెల్‌లో కామాలు పెట్టి రాసి పివట్ టేబుల్ వేసేవాళ్లకు జరిగేదీ ఇదే.

కాబట్టి గ్రూప్ చేయాల్సింది కస్టమర్లనీ కాదు, చేపలనీ కాదు, జతలని. ముందు అన్నిటినీ విడదీసి జతలుగా పరచండి:

ఎంవీపీ కాలనీ టీచర్ గారు – వంజరం – 1 కిలో
ఎంవీపీ కాలనీ టీచర్ గారు – రొయ్యలు – అరకిలో
సీతమ్మధార డాక్టర్ గారు – రొయ్యలు – 1 కిలో
సీతమ్మధార డాక్టర్ గారు – చందువ – 1 కిలో
మద్దిలపాలెం మెస్ – కానాగంతలు – 5 కిలోలు
మద్దిలపాలెం మెస్ – రొయ్యలు – 2 కిలోలు
మద్దిలపాలెం మెస్ – వంజరం – 2 కిలోలు

ముగ్గురు కస్టమర్లు, ఏడు జతలు. ఇప్పుడు చేప పేరు మీద గ్రూప్ చేసి కిలోలు కూడితే రొయ్యలు మూడున్నర, వంజరం మూడు, కానాగంతలు ఐదు, చందువ ఒకటి. ఇవే జతల్ని కస్టమర్ మీద గ్రూప్ చేస్తే ఎవరి సంచిలో ఏం పెట్టాలో వచ్చేస్తుంది. ఇంకో సంగతి గమనించండి, ఆ "అరకిలో" అనేది టీచర్ గారిదీ కాదు, రొయ్యలదీ కాదు, వాళ్లిద్దరి మధ్య సంబంధానిది. అందుకే అది జతలోనే ఉండాలి. డేటాబేస్‌లో దీన్నే జంక్షన్ టేబుల్ అంటారు.

కోడ్‌లో పెద్ద పనేం లేదు. పైథాన్‌లో అయితే ఫర్ లూప్‌లో ఇంకో ఫర్ లూప్ పెట్టి, లోపల డిఫాల్ట్‌డిక్ట్‌లోకి (కొత్త కీ వస్తే దానికి ఖాళీ చోటు తానే పెట్టుకునే డిక్షనరీ) తోసేయడమే. పైథాన్‌తో వచ్చే ఇటర్‌టూల్స్‌లో గ్రూప్‌బై ఉంది కదా అని దాని జోలికి వెళ్లకండి, అది పక్కపక్కన ఉన్నవాటినే కలుపుతుంది, ముందు సార్ట్ చేయకపోతే రొయ్యలు మళ్లీ రెండు ముక్కలు. జతలుగా విడదీయడానికి పైథాన్ లైబ్రరీ పాండాస్‌లో ఎక్స్‌ప్లోడ్ చేసి గ్రూప్‌బై, జావాలో ఫ్లాట్‌మ్యాప్ తర్వాత గ్రూపింగ్‌బై, సీ షార్ప్‌లో సెలెక్ట్‌మెనీ తర్వాత గ్రూప్‌బై. పేర్లు వేరు, పని ఒకటే.

జతలుగా పరిచాక ఒక గొయ్యి ఉంది, నేను పడ్డాను. డెలివరీ ఛార్జి ఇంటికి 40 రూపాయలు. దాన్ని కూడా ప్రతి జతలోకి కాపీ చేసి మొత్తం కూడితే 280 వచ్చింది. రావాల్సింది 120. బావ తెగ సంబరపడ్డాడు పాపం. ఛార్జి కస్టమర్‌ది, జతది కాదు, దాన్ని కస్టమర్ల లిస్టు మీదే విడిగా కూడాలి. అలాగే ఒక్కో చేపకు ఎంతమంది కస్టమర్లో లెక్కేసి, ఆ అంకెలన్నీ కూడితే 7 వస్తుంది, ఉన్నది ముగ్గురే. గుంపులు ఒకదాని మీద ఒకటి పడేచోట గుంపుల మొత్తం అసలు మొత్తానికి సమానం కాదు.

మరి టీచర్ గారు ఒకే మెసేజ్ రెండుసార్లు పంపితే? సెట్‌లో వేస్తే డూప్లికేట్ పోతుంది, కానీ ఆవిడకు నిజంగానే ఇంకో అరకిలో కావాలేమో. ఇది కోడ్ తేల్చే విషయం కాదు, ఫోన్ చేసి కనుక్కోవాలి. నేనైతే కస్టమర్, చేప జతకు యూనిక్ కీ (ఒకే జత రెండుసార్లు రాకూడదన్న నియమం) పెట్టి, రెండోసారి వస్తే బావకి చూపిస్తాను.

చివరిది ఖాళీ గుంపులు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇక్కడ మరపడవలకు వేట నిషేధం. అప్పుడు వంజరానికి ఒక్క ఆర్డరూ లేకపోతే జతే ఉండదు, జత లేకపోతే రిపోర్టులో ఆ పేరే రాదు. "యాప్ పాడైందిరా" అని బావ ఫోన్. అందుకే ముందు అన్ని చేపల పేర్లకూ సున్నా పెట్టుకుని, ఆ తర్వాత జతల్ని కలపండి. ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ని అడిగే భాష) అయితే చేపల టేబుల్ నుంచి లెఫ్ట్ జాయిన్, అంటే జత లేకపోయినా ప్రతి చేప పేరునూ ఉంచే కలపడం. అక్కడ వరుసలన్నీ లెక్కపెట్టే కౌంట్ స్టార్ వాడితే మాత్రం ఆర్డర్ లేని వంజరానికి కూడా 1 చూపిస్తుంది, కస్టమర్ ఐడీ కాలమ్‌ని కౌంట్ చేస్తేనే 0 వస్తుంది.