హిచ్‌కాక్ సినిమాలు డిస్కుల్లో కొనాలంటే ఏ బాక్స్ తీసుకోవాలి, ఎలా చూడాలి

సస్పెన్స్ సినిమాల డైరెక్టర్ ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ సినిమాలన్నీ ఒకే బాక్స్‌లో దొరుకుతాయేమో అని వెతికేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, అలాంటి బాక్స్ లేదు. ఆయన 1920ల్లో ఇంగ్లండ్‌లో మొదలుపెట్టి 1976 దాకా యాభైకి పైగా సినిమాలు తీశాడు, ఒక్కో టైమ్‌లో ఒక్కో స్టూడియోకి, అందుకే హక్కులు కూడా తలా ఒక కంపెనీ దగ్గర ఉండిపోయాయి. ఏ సినిమా ఏ కంపెనీదో తెలిస్తే డబ్బులు సగం మిగులుతాయి, లేకపోతే అదే సైకో మూడు బాక్సుల్లో మూడుసార్లు కొంటాం.

పెద్ద వాటా యూనివర్సల్‌ది. వాళ్ళ మాస్టర్‌పీస్ కలెక్షన్ అనే పేరుతో రెండు బాక్సులున్నాయి, ఇక్కడే చాలామంది తికమక పడతారు. 2005లో వచ్చింది డీవీడీ సెట్, అందులో 14 సినిమాలు. 2012లో వచ్చింది బ్లూరే సెట్, అందులో 15, ఆ ఎక్కువ ఉన్న ఒక్కటీ నార్త్ బై నార్త్‌వెస్ట్. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు అమ్మేవాళ్ళు సంవత్సరం చెప్పరు, ఫొటోలో బాక్స్ ముందువైపు ఒక్కటే పెడతారు, కాబట్టి వెనకవైపు ఫొటో కూడా అడిగి సినిమాల లిస్టు చదివాకే డబ్బులు పంపండి.

ఫోర్‌కే (బ్లూరే కన్నా స్పష్టమైన బొమ్మ) టీవీ, ఫోర్‌కే ప్లేయర్ రెండూ ఉంటే మాత్రం ఆ 2012 బాక్స్ జోలికి పోకండి. 2020లో యూనివర్సల్ నాలుగు సినిమాల ఫోర్‌కే సెట్ వేసింది, రియర్ విండో, వర్టిగో, సైకో, ది బర్డ్స్, నా దృష్టిలో ఇదే మొదట కొనాల్సింది. సైకో 1960లో థియేటర్‌లో చూసినవాళ్ళు చూసి, ఆ తర్వాత కత్తిరింపులో పోయిన కొన్ని సెకన్ల షాట్లు కూడా ఈ సెట్‌లో ఉన్నాయి. తర్వాత 2022లో ఇంకో అయిదు, 2023లో మరో అయిదు వచ్చాయి. 2024లో నార్త్ బై నార్త్‌వెస్ట్ వార్నర్ వాళ్ళు విడిగా ఫోర్‌కేలో తెచ్చారు, అంటే ఆ పాత 15 సినిమాలూ ఇప్పుడు ఫోర్‌కేలో ఉన్నట్టే. అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు, మొదటి నాలుగు చూసి నచ్చితేనే ముందుకెళ్ళండి. విడిగా ఒక్కటే కొనేంత బడ్జెట్ ఉంటే వర్టిగోనో నార్త్ బై నార్త్‌వెస్టో తీసుకోండి, ఎందుకంటే అవి విస్టావిజన్‌లో తీసినవి, అంటే ఫిల్మ్ కెమెరాలో పక్కకి తిరుగుతుంది, ఒక్కో ఫ్రేమ్ మామూలుదానికి రెండింతలకి పైగా సైజు, ఆ డీటెయిల్ అంతా ఫోర్‌కేలోనే బయటపడుతుంది.

ఈ బాక్సుల్లో లేనివి కూడా తక్కువేం కాదు. స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రైన్, డయల్ ఎం ఫర్ మర్డర్ వార్నర్‌వి, టు క్యాచ్ ఎ థీఫ్ పారామౌంట్‌ది. రెబెక్కా, నొటోరియస్, బ్రిటన్‌లో తీసిన ది 39 స్టెప్స్, ది లేడీ వానిషెస్, ఇవి క్రైటీరియన్ అనే డిస్కుల కంపెనీ వాళ్ళ డిస్కుల్లో బాగుంటాయి. ఆ బ్రిటిష్ సినిమాలే పది ఇరవై కలిపి చాలా చవగ్గా అమ్మే ప్యాకులు కూడా కనబడతాయి, వాటిని ముట్టుకోవద్దని నా గట్టి సలహా, ఎక్కడో అరిగిపోయిన ప్రింట్ నుంచి ఎక్కించినవి, మొహాలు తెల్లగా పాలిపోయి డైలాగ్ సగం వినబడదు, అది చూసి హిచ్‌కాక్ పాత సినిమాలు బాలేవని అనుకునే ప్రమాదం ఉంది.

ఇక రీజియన్ సంగతి, అంటే ఒక ప్రాంతానికి అమ్మిన డిస్క్ ఇంకో ప్రాంతం ప్లేయర్‌లో ఆడకుండా వేసే లాక్, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. డీవీడీకి ఇండియా రీజియన్ 5, అమెరికా 1. బ్లూరేకి ఇండియా సి, అమెరికా ఎ, ఇంగ్లండ్, గల్ఫ్ దేశాలు బి. అమెరికాలో ఉన్న అన్నయ్యో పెదనాన్న కొడుకో వస్తూ సూట్‌కేసులో డిస్కులు తెస్తానంటే ముందు మీ ప్లేయర్ ఏం చదువుతుందో చూసుకుని చెప్పండి, ఎ అని లాక్ వేసిన బ్లూరే ఇక్కడ కొన్న మామూలు ప్లేయర్‌లో తిరగదు. ఫోర్‌కే డిస్కులకి రీజియన్ గోల లేదు, ఏ దేశంలో కొన్నా ఆడతాయి, కానీ అదే బాక్స్‌లో పక్కన పెట్టే బ్లూరేకి లాక్ ఉండొచ్చు. ప్లేయరే అక్కడినుంచి తెప్పించుకుంటుంటే వెనకాల వోల్టేజ్ చదవండి, 120 మాత్రమే రాసి ఉంటే మన 230 కరెంట్‌కి నేరుగా పెట్టకూడదు. తెలుగు డబ్బింగ్, తెలుగు సబ్‌టైటిల్స్ ఆశించకండి, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోండి, అప్పటి యాసకి అవి చాలా అవసరం.

పాత డీవీడీలు చేతికొస్తే అడుగుభాగం వెలుతురులో పెట్టి చూడండి, వెండిలా మెరిస్తే కంపెనీలో అచ్చేసింది, ఊదారంగు కనిపిస్తే ఎవరో కంప్యూటర్‌లో రాసుకున్న కాపీ. అట్ట కవర్లలో దూర్చే డిస్కులకి గీతలు తొందరగా పడతాయి, తీసి విడి ప్లాస్టిక్ కేసుల్లో పెట్టుకుంటే మంచిది, వైజాగ్, కాకినాడ లాంటి తేమ ఉన్న చోట్ల అయితే అల్మరాలో రెండు సిలికా జెల్ ప్యాకెట్లు కూడా వేయండి.

టీవీ సెట్టింగ్స్ మార్చకుండా మాత్రం చూడొద్దు ప్లీజ్. కదలికల్ని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి, లేకపోతే వర్టిగో సీరియల్‌లా కనిపిస్తుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అదే పెట్టండి. నాయిస్ రిడక్షన్ కూడా ఆఫ్, తెరమీద కదిలే ఆ సన్నటి ఇసక లాంటిది ఫిల్మ్ గ్రెయిన్, దాన్ని తుడిచేస్తే మొహాలు మైనంలా అయిపోతాయి. షాడో ఆఫ్ ఎ డౌట్ లాంటి 1943 సినిమాలకి రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, జూమ్ చేసి నింపకండి, తలలు తెగిపోతాయి. సౌండ్ విషయానికొస్తే ఆడియో మెనూలో మోనో (ఒకే చానల్‌లో వచ్చే పాత సౌండ్) ఉందేమో చూసి ఒక్కసారైనా అది పెట్టండి. వర్టిగోని 1996లో రిపేర్ చేసినప్పుడు అడుగుల చప్పుడు, తలుపుల చప్పుడు లాంటివి చాలా కొత్తగా రికార్డ్ చేశారు, పాత మోనోలో ఆ తేడా తెలుస్తుంది.

ఏది ముందు చూడాలంటే అందరూ సైకో అంటారు, నేను మాత్రం రియర్ విండో అంటాను, ఎందుకంటే ఈయన సినిమా ఎలా చూడాలో ఆ సినిమానే నేర్పిస్తుంది. మొదటి రెండు నిమిషాలు ఫోన్ పక్కన పడేసి చూడండి. కెమెరా పెరట్లో ఇళ్ళన్నీ ఒక చుట్టు చుట్టి లోపలికొస్తుంది, చెమట పట్టిన హీరో నుదురు, 90 ఫారెన్‌హీట్ దాటిన థర్మామీటర్, కాలికి పిండికట్టు, పక్కన చితికిపోయిన కెమెరా, గోడమీద రేసు కారు ముక్కలై చక్రం మనమీదికి ఎగిరొస్తున్న ఫొటో. అతను ఫొటోగ్రాఫర్ అనీ, ఆ ఫొటో తీయబోయే కాలు విరిగిందనీ ఎవరూ నోటితో చెప్పకముందే మనకి తెలిసిపోతుంది. ఇది ఒకసారి గమనించాక మిగతా సినిమాల్లో కూడా గోడల మీద, బల్లల మీద ఏముందో కళ్ళు వాటంతటవే వెతుకుతాయి. హిచ్‌కాక్ కూడా ఒక ఇంట్లో గడియారానికి కీ ఇస్తూ కనిపిస్తాడు, పట్టుకోండి.

ఆ తర్వాత షాడో ఆఫ్ ఎ డౌట్, తర్వాత నొటోరియస్, అప్పుడు సైకో. సైకోకి ఒక్క షరతు, బోనస్ ఫీచర్లు, ట్రైలర్ ముందు చూడకూడదు, ఆ ట్రైలర్‌లో హిచ్‌కాకే మనల్ని ఇల్లంతా తిప్పి చూపిస్తాడు. 1960లో సినిమా మొదలయ్యాక థియేటర్‌లోకి ఎవరినీ రానివ్వకూడదని రూలు పెట్టిన మనిషి ఆయన, ఇంట్లో కూడా అదే రూలు పెట్టండి. అందులో కారు బురదగుంటలో మునిగే సీన్ వస్తుంది, సగం మునిగి ఆగిపోతుంది, ఆ క్షణంలో మన ఊపిరి ఎవరి కోసం బిగబట్టామో గమనించండి, తప్పు దాచేవాడి పక్షాన మనల్ని నిలబెట్టేశాడు, అదీ మనకి తెలియకుండా!

ది బర్డ్స్‌ని కాస్త సౌండ్ పెంచి చూడండి, మామూలు నేపథ్య సంగీతం లేదు దాంట్లో, పక్షుల అరుపుల్లో చాలావరకు జర్మనీలో ఎలక్ట్రానిక్ వాద్యం మీద తయారు చేసినవే. రోప్ గంటా ఇరవై నిమిషాలే, ఒక్కో షాట్ పది నిమిషాల దాకా సాగుతుంది, కాఫీ అవీ ముందే పెట్టుకుని పాజ్ చేయకుండా చూస్తేనే దాని మజా. టోపాజ్, టోర్న్ కర్టెన్ ఆఖర్న పెట్టుకోండి, మంచి సీన్లున్నాయి గానీ మొదట్లోనే చూస్తే ఉత్సాహం తగ్గుతుంది. ఫ్రెంజీ మాత్రం పిల్లలు నిద్రపోయాకే పెట్టండి, 1972 నాటికి సెన్సార్ సడలింది, అందులో ఒక సీన్ పెద్దవాళ్ళకే కష్టం.