బీటు (ర్యాప్ పాట వెనక వినిపించే మ్యూజిక్) అమ్మకానికి పెట్టే ముందు జాగ్రత్తలు

బీటులో శాంపిల్ (వేరేవాళ్ల రికార్డింగ్‌లోంచి తీసుకున్న ముక్క) ఉంటే ఆ సంగతి ముందు తేల్చుకోండి. రెండు సెకన్లే కదా, పిచ్ మార్చాం కదా అంటే కుదరదు, అనుమతి కావాలి. ఉచిత లూపైనా (తిప్పి తిప్పి వాడే రెడీమేడ్ మ్యూజిక్ ముక్క) లైసెన్సు చదివి, స్క్రీన్‌షాట్ దాచుకోండి.

లీజుకిచ్చే బీటును, అంటే చాలామందికి వాడుకోనిచ్చేదాన్ని, కంటెంట్ ఐడీలో (యూట్యూబ్‌లో ఎవరి మ్యూజిక్ వాడారో పట్టే వ్యవస్థ) పెట్టొద్దు. డబ్బిచ్చి కొన్న ర్యాపర్ వీడియోకే క్లెయిం పడుతుంది, ఇక అతను మీ గడప తొక్కడు.

ఎక్స్‌క్లూజివ్‌గా, అంటే ఒక్కరికే అమ్మారా, అదే పూట అమ్మకం పేజీ నుంచి తీసేయండి.

ఫైళ్లు: 24 బిట్ వేవ్, 320 కేబీపీఎస్ ఎంపీ3, స్టెమ్స్ (డ్రమ్స్, బేస్ లాంటివి దేనికది విడి ఫైళ్లు). స్టెమ్స్ అన్నీ ఒకే చోట మొదలవ్వాలి. వాయిస్ ట్యాగ్ (బీటు మధ్యలో మీ పేరు పలికే గొంతు) కొనేముందు వినడానికి పెట్టే కాపీలోనే ఉండాలి. కొన్నవాళ్లకి ఆ కాపీయే వెళ్లిందంటే పరువు పోయినట్టే.

మన విశాఖలో పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వైపు ఉంటే ఉప్పుగాలికి జాక్ పిన్నులకు పచ్చగా చిలుం పడుతుంది. రికార్డింగ్‌కి ముందు తుడిచి, కేబుల్ కదిపి గరగర ఉందేమో వినండి.

2014లో హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మనది. ప్రాజెక్టుల కాపీ ఒకటి క్లౌడ్‌లో ఉండాల్సిందే.