క్యాప్‌కామ్ సీపీఎస్-2 బోర్డు: బ్యాటరీ మార్చడం, కీ పోయిన బోర్డును మళ్లీ ఆడించడం

క్యాప్‌కామ్ ఆర్కేడ్ ఆటల యంత్రాలకు చేసిన సీపీఎస్-2 బోర్డులో బ్యాటరీ అయిపోతే పోయేది హైస్కోర్లు కాదు, ఆటే. 1988లో వచ్చిన దీని ముందుతరం బోర్డు సీపీఎస్-1కు గట్టి రక్షణ లేకపోవడంతో స్ట్రీట్ ఫైటర్ 2కు దొంగ బోర్డులు, ఇష్టమొచ్చినట్టు మార్చిన ప్రోగ్రాములు కుప్పలుగా పుట్టుకొచ్చాయి. ఆ దెబ్బ తిన్నాక, 1993లో సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2తో మొదలుపెట్టిన కొత్త బోర్డులో ఈ ఒసాకా కంపెనీ ప్రోగ్రామును ఎన్‌క్రిప్ట్ చేసింది, అంటే రహస్య రూపంలోకి మార్చింది. దాన్ని విప్పే కీని, అంటే రహస్య సంఖ్యను, బ్యాటరీ ఉన్నంతసేపే నిలిచే మెమరీలో పెట్టింది. 68000 ప్రాసెసర్ నడిపే ఆదేశాలు మాత్రమే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. బొమ్మలు, శబ్దాలు కావు. అందుకే కీ పోయిన బోర్డులో చిప్పులన్నీ బాగున్నా ఆట మొదలవదు, తెర మీద ఒకే రంగు నిలిచిపోతుంది.

సీపీఎస్-2లో రెండు బోర్డులు: అన్ని ఆటలకూ ఒకటే అయిన ఎ-బోర్డు, ఆట ఉన్న బి-బోర్డు. బ్యాటరీ ఉండేది బి-బోర్డులో. 3.6 వోల్టుల హాఫ్-ఏఏ సైజు లిథియం సెల్ అది. మీటరు పెడితే 3.6 చూపిస్తోంది కదా అని నిశ్చింతగా ఉండకండి. ఈ రకం సెల్ జీవితమంతా దాదాపు అదే వోల్టేజీ చూపించి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. నమ్మాల్సింది వయసునే. ఫ్యాక్టరీలో పెట్టిన సెల్ ఇంకా ఉంటే, మీటరు ఏం చెప్పినా ఇప్పుడే మార్చాలి. 3 వోల్టులకు దిగి ఉంటే బోర్డును అటూ ఇటూ తిప్పకుండా ఈ రోజే పని పూర్తి చేయండి.

కావలసినవి

కాళ్లు అతికించి వచ్చే హాఫ్-ఏఏ 3.6 వోల్టుల సెల్స్ రెండు: ఒకటి బోర్డుకు, ఒకటి తాత్కాలిక ఆసరాకు. ఒక 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఒక 1ఎన్4148 డయోడ్, సన్నటి వైరు, సోల్డర్ పీల్చే పంపు, మల్టీమీటరు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. కాళ్లు లేని సెల్ కొని దాని మీదే సోల్డర్ చేయకండి. వేడికి సెల్ పాడవుతుంది, పగిలే ప్రమాదమూ ఉంది.

మార్చే పని

కరెంటు తీసేసి బి-బోర్డును ఎ-బోర్డు నుంచి విడదీయండి. పొడి చెక్క బల్ల మీద పెట్టండి. నల్లటి యాంటీ-స్టాటిక్ ఫోమ్ మీద గానీ, రేకు కాగితం మీద గానీ పెట్టకూడదు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు: అవి కరెంటును పారనిస్తాయి, కాబట్టి వెనకవైపు పిన్నులు ఒకదానితో ఒకటి కలిసిపోయి కీ చెరిగిపోవచ్చు.

పాత సెల్ తీశాక బోర్డులోని కెపాసిటర్ కీని కాసేపు నిలబెడుతుంది. ఎంతసేపన్నది బోర్డును బట్టి మారుతుంది గనుక దాని మీద పందెం వేయొద్దు. ఆసరా సెల్ కట్టండి. సెల్ పాజిటివ్‌కు రెసిస్టర్, దాని తర్వాత డయోడ్ వరసగా కలపండి; డయోడ్ మీది గీత బోర్డు వైపు ఉండాలి. ఈ రకం సెల్‌ను ఛార్జ్ చేయకూడదు. డయోడ్ ఆసరా సెల్‌లోకి కరెంటు వెనక్కి రాకుండా ఆపుతుంది, రెసిస్టర్ పాత సెల్‌లోకి పోయే కరెంటును బాగా తగ్గిస్తుంది. మెమరీ తీసుకునేది చాలా కొద్ది కరెంటు కాబట్టి ఈ రెండింటి వల్ల దానికి లోటు రాదు.

ఈ వైర్లను పాత సెల్ కాళ్ల దగ్గర అతికించకండి, సెల్ ఊడదీసేటప్పుడు అవీ ఊడొస్తాయి. పాజిటివ్ కాలు నుంచి ట్రాక్ వెంబడి వెళ్లి, తర్వాతి భాగం కాలుకు అతికించండి. అదే చోటని తేల్చుకోవడానికి మీటరును వోల్టేజీలోనే వాడాలి, కంటిన్యుటీలో (దారి కలిసి ఉందో లేదో బీప్‌తో చెప్పే మోడ్‌లో) కాదు. నెగటివ్‌కు ఏ గ్రౌండ్ చోటైనా సరిపోతుంది.

ఇక పాత సెల్ తీయడం. కాళ్లకు ముందు కొంచెం కొత్త సోల్డర్ పట్టించి, తర్వాత పంపుతో లాగండి. నెగటివ్ కాలు వెడల్పైన గ్రౌండ్ రాగికి అంటుకుని ఉంటుంది గనుక ఆలస్యంగా కరుగుతుంది. తొందరపడి లాగితే ప్యాడ్ ఊడిపోతుంది. కింద సెల్ కారిన మరకలుంటే వెనిగర్ వాడొద్దు. ఈ సెల్స్‌లోంచి కారేది ఆమ్లం, వెనిగరూ ఆమ్లమే. తినే సోడా కలిపిన నీళ్లలో ముంచిన దూదిపుల్లతో తుడిచి, తర్వాత ఆల్కహాల్‌తో శుభ్రం చేయండి. కొత్త సెల్ ధ్రువాలు రెండుసార్లు చూసుకుని అతికించండి. దాని మీద 3.6 వోల్టులు కనిపించాకే ఆసరా వైర్లు విప్పండి.

ఒకే రంగు తెర వస్తే

కీ పోయిందని వెంటనే తేల్చేయకండి. రెండు బోర్డుల మధ్య కనెక్టర్ సరిగ్గా కూర్చోకపోయినా అలాగే అవుతుంది. విడదీసి, వంగిన పిన్నులు చూసి, ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ నొక్కండి. జామా కనెక్టర్ (బోర్డును యంత్రానికి కలిపేది) దగ్గరే 5 వోల్టుల లైన్ కొలవండి. సప్లై దగ్గర 5 ఉన్నా వైర్లలో పడిపోయి బోర్డుకు 4.7 మాత్రమే చేరుతుండవచ్చు. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా రంగు కదలకపోతే, పోయింది కీయే.

ఒకప్పుడు అంతటితో బోర్డు పని అయిపోయినట్టే. 2001లో సీపీఎస్2షాక్ బృందం ప్రోగ్రాములను విప్పిన రూపంలో రాబట్టింది, దాంతో ప్రోగ్రాం చిప్పులు మార్చి ఆడించే దారి దొరికింది. 2007లో ఆండ్రియాస్ నైవ్, నికోలా సాల్మోరియా ఎన్‌క్రిప్షన్ పద్ధతినే ఛేదించారు. 2016లో ఎడ్వర్డో క్రూజ్, ఆర్టెమియో ఉర్బినా, ఇయన్ కోర్ట్ అసలు కీని తిరిగి బోర్డులోకి ఎక్కించే మార్గం బయటపెట్టారు. చిప్పులు మార్చడం కంటే ఇదే మేలు: క్యాప్‌కామ్ పంపిన ప్రోగ్రాం ఒక్క బిట్టు మారకుండా అలాగే నడుస్తుంది.

ముందు కొత్త సెల్ పెట్టాలి, లేకపోతే ఎక్కించిన కీ కరెంటు తీయగానే పోతుంది. తర్వాత ఆర్డువినోను (ప్రోగ్రాం ఎక్కించి వాడే చిన్న బోర్డు) బి-బోర్డు మీది సీఎన్9 కనెక్టర్‌కు కలపాలి. వైర్ల క్రమం ఊహించొద్దు. బోర్డు మీద 93646బి తర్వాత ముద్రించిన రివిజన్ అంకె చూసి, ఆ 2016 బృందం ఇచ్చిన చిత్రం ప్రకారమే కలపండి. కీ 20 బైట్లు. ఆట పేరు ఒక్కటే కలిస్తే చాలదు, ప్రాంతం కూడా కలవాలి. బోర్డు ఉండే ప్లాస్టిక్ డబ్బా జపాన్‌ది ఆకుపచ్చ, అమెరికా, యూరప్‌లది నీలం అయినా, డబ్బాలు చేతులు మారి ఉండవచ్చు. ప్రోగ్రాం చిప్పుల లేబుల్ చదవండి: సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2కైతే జపాన్‌ది ఎస్ఎస్ఎఫ్‌జె, అమెరికాది ఎస్ఎస్ఎఫ్‌యు అన్నట్టు ఉంటుంది. తప్పు కీ ఎక్కితే మళ్లీ అదే ఒంటి రంగు తెర. బోర్డుకు హాని ఉండదు, సరైన కీ వెతికి ఇంకోసారి ఎక్కించండి.